వన్స్‌మోర్ ఎప్పుడనాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. నాటకానికి వెళ్ళాలనుంది, తోడు వచ్చేవాళ్ళని ఎలా ఒప్పించాలి, ఒప్పించాక ఎలా భరించాలి అని. అందుకని 'ఫలానా నాటకం ఎవరు రాశారు, ఫలానా నటుడిది ఏ ఊరు' లాంటి ప్రశ్నల్ని వచ్చే నెలకి తోసేసి, ఈసారి స్నేహితుల సంగతే చూస్తున్నాను.

*

ప్రశ్న: మేడమ్, కొండాపూర్‌లో ఒకే ఆఫీసులో పనిచేసే ఐదుగురు ఆడపిల్లలం. నెలకో శనివారం సాయంత్రం కలిసి బయటికి వెళ్తాం. ఎప్పుడూ సినిమా, మాల్, బిర్యానీ. ఈసారి సురభి వాళ్ళ 'మాయాబజార్' చూద్దామన్నాను. ఇద్దరు 'పద్యాలా, బాబోయ్' అంటున్నారు. ఒకమ్మాయిది పుణె, తెలుగు అంతంత మాత్రం. అందరి చేతా తిట్లు తినాల్సొస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. సాయంత్రం ఎలా ప్లాన్ చేసుకోమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తీసుకెళ్ళమ్మా. తిట్లు పడితే తెనాలిలో ఒక రిటైర్డ్ పంతులమ్మ చెడగొట్టిందని నా మీదకి తోసెయ్.

ముందు ఆ పుణె అమ్మాయి సంగతి. సురభి కుటుంబాల పూర్వీకులు మరాఠీ నేల నుంచి వచ్చి, తోలుబొమ్మలాట ఆడించుకుంటూ రాయలసీమలో స్థిరపడ్డవాళ్ళు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ' వేశారు. అక్కణ్ణుంచి బొమ్మలు పక్కకి పోయి మనుషులే వేషం కట్టారు. ఊరి పేరే నాటక సమాజం పేరైంది. ఈనాటికీ స్టేజీ మీద అంత గంభీరంగా తెలుగు దంచే ఘటోత్కచుడు ఇంటికెళ్ళి పిల్లల్ని కసురుకునేది ఒక రకం మరాఠీలోనే. నాటకం అయ్యాక మీ పుణె అమ్మాయిని లోపలికి తీసుకెళ్ళి వాళ్ళతో రెండు మాటలు మాట్లాడించు. తన మరాఠీ వేరు, వాళ్ళది వేరు. తరాలకి తరాలు తెలుగు నేల మీద తిరిగిన భాష అది. అయినా అమ్మ, అన్నం, నీళ్ళ దగ్గరైనా కలుస్తారు. ఆ రాత్రి ఇంటికెళ్ళేటప్పుడు ఎక్కువ కబుర్లు చెప్పేది ఆ అమ్మాయే.

పద్యాలకి భయపడే ఇద్దరికీ ముందుగా కథ చెప్పెయ్. మియాపూర్ లైన్ మెట్రోలో వెళ్తే దిగేలోపు అయిపోతుంది. బలరాముడు శశిరేఖని అభిమన్యుడికి ఇస్తానన్నాడు, పాండవుల రాజ్యం పోయాక మాట మార్చి లక్ష్మణకుమారుడి వైపు తిరిగాడు, ఘటోత్కచుడు మాయశశిరేఖై పెళ్ళివారిని ఒక ఆట ఆడిస్తాడు. అంతే. 1957 నాటి సినిమా చూడని తెలుగువాళ్ళు ఎవరుంటారు గనక? కథ తెలిసినవాళ్ళకి పద్యం అర్థం కావడం అంత ముఖ్యం కాదు. ఏ పాత్రకి కోపం వచ్చింది, ఏ పాత్ర వేళాకోళం ఆడుతోంది అన్నది రాగంలోనే తెలిసిపోతుంది.

హైదరాబాద్‌లో సురభి నాటకాలు ఎక్కువగా పబ్లిక్ గార్డెన్స్‌లోని లలితకళా తోరణంలో, రవీంద్రభారతిలో చూశాను. ఎక్కడ వేస్తున్నారో కార్డులో సరిగ్గా చూసుకో. రెండూ దగ్గర దగ్గరే కాబట్టి ఇటు వెళ్ళాల్సినవాళ్ళు అటు వెళ్ళి గేటు దగ్గర ఫోన్లు చేసుకుంటూ ఉంటారు. రవీంద్రభారతికైతే లక్డీకాపూల్‌లోనో అసెంబ్లీ స్టేషన్‌లోనో దిగొచ్చు. ఇంకొక మాట. ఏదైనా సంస్థ సభ పెట్టి నాటకం వేయిస్తుంటే కార్డులో ఆరు గంటలు అని ఉంటుంది. ఆరింటికి జ్యోతి ప్రజ్వలన. తర్వాత ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి. దుశ్శాలువాలు, మెమెంటోలు. తెర లేచేసరికి ఏడున్నర. నాకు సన్మానాల మీద కక్ష లేదు గానీ, లోపల కిరీటం పెట్టుకుని చెమటలు కక్కుతున్న కృష్ణుడి మీద వాళ్ళకి కాస్త జాలి ఉంటే బాగుండు. కాబట్టి ఖాళీ కడుపుతో వెళ్ళకండి. నాలుగు సమోసాలు తిని వెళ్ళండి. బిర్యానీ మాత్రం తిని వెళ్ళొద్దు, రెండో అంకంలో తల వాలిపోతుంది.

కూర్చునే చోటు. ముందు వరస సోఫాలు అతిథులవి, వాటి జోలికి పోవద్దు. చాలామంది ఐదారు వరసల వెనక మధ్యలో కూర్చోమంటారు. తెరల మీది రాజమహలూ అడవీ నిండుగా కనపడతాయి, నారదుడు మబ్బుల్లోంచి దిగుతుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. నాకు మాత్రం దగ్గరగా, ఒక పక్కగా కూర్చోవడం ఇష్టం. యుద్ధంలో రెండు వైపుల నుంచీ బాణాలొచ్చి నడిమధ్యలో నిప్పులు రాలుస్తూ ఢీకొంటాయి చూడు, అక్కడ ఆ సన్నటి తీగ కనపడాలి నాకు. సైడ్ వింగులో పంచె ఎగగట్టిన ఒక పెద్దాయన తాడు పట్టుకుని నిలబడి ఉంటాడు. కళ్ళు స్టేజీ మీద, చెవులు హార్మోనియం మీద. సరిగ్గా ఆ దెబ్బకి వదులుతాడు. బాణం వెలిగిన మందు వాసన మూడో వరస దాకా వస్తుంది. పిల్లలు 'అబ్బా' అంటారు. కంప్యూటర్ గ్రాఫిక్స్ రోజూ చూసే మీ ఐదుగురూ అంటారో లేదో నాకు రాయి.

ఇంకొకటి కూడా గమనించండి. శశిరేఖ వేసిన అమ్మాయి, రేవతి వేసినావిడ, చెలికత్తె, అందరూ ఆ కుటుంబాల ఆడవాళ్ళే. ఇవాళ ఇది వింత కాదు. కానీ ఒకప్పుడు మిగతా సమాజాల్లో ఆడవేషం అంటే మగవాళ్ళదే. మా తెనాలి రామవిలాస సభ నుంచి వచ్చిన స్థానం నరసింహారావుగారు సత్యభామగా అంత పేరు తెచ్చుకుని, 1956లో పద్మశ్రీ కూడా అందుకున్నారు. మా అమ్మమ్మ ఆయన జడ పట్టుకున్న తీరు గురించి చెప్పేది, మా ఇంటి ఆడవాళ్ళెవరికీ అది రాలేదని కూడా చెప్పేది. ఆ రోజుల్లోనే సురభి వాళ్ళు ఇంటి ఆడవాళ్ళని రంగం మీదకి తెచ్చారు. తల్లీ కూతుళ్ళు, అత్తా కోడళ్ళు ఒకే నాటకంలో ఉంటారు. ఎవరు ఎవరికి ఏమవుతారో ఊహించడం మీ గుంపుకి మంచి కాలక్షేపం.

అయ్యాక వెంటనే క్యాబ్ బుక్ చెయ్యొద్దు. రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ కేఫ్‌కి నడిచి వెళ్ళి ఇరానీ టీ, ఉస్మానియా బిస్కట్లు తీసుకోండి. అటు ఓపిక లేకపోతే మొజంజాహీ మార్కెట్ దగ్గర ఐస్‌క్రీమ్. 'ఘటోత్కచుడు బాగా చేశాడా, లక్ష్మణకుమారుడు బాగా చేశాడా' అని నువ్వే గొడవ మొదలుపెట్టు. 'బాబోయ్' అన్న ఇద్దరిలో ఒకరు తప్పకుండా లక్ష్మణకుమారుడి వైపు మాట్లాడతారు. ఆఖరి మెట్రో టైమ్ మాత్రం ముందే చూసుకోండి.

*

ప్రశ్న: మేడమ్ గారూ, రేపల్లె దగ్గర మాది. శివరాత్రి తిరనాళ్ళకి మా ఊళ్ళో రాత్రంతా పద్యనాటకాలు. ఈసారి 'కురుక్షేత్రం'లో పడకసీను, రాయబారం సీను, తర్వాత 'హరిశ్చంద్ర' కాటిసీను. నా ఇంజినీరింగ్ దోస్తులు ఏడెనిమిది మంది హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి వస్తున్నారు. పోయినసారి ప్రతి పద్యానికీ వన్స్‌మోర్ అని అరిచారు, పెద్దవాళ్ళు కోప్పడ్డారు. అసలు ఎప్పుడనాలి? డబ్బులు చదివించాలంటే పద్ధతేంటి?
– ఒక పాఠకుడు, బాపట్ల జిల్లా

జవాబు: బాబూ, మీ పెద్దవాళ్ళు కోప్పడింది వన్స్‌మోర్ అన్నందుకు కాదు, ఎక్కడ పడితే అక్కడ అన్నందుకు అయ్యుంటుంది. వాళ్ళూ మీ వయసులో అరిచినవాళ్ళే.

పద్యం ఎక్కడ అయిపోయిందో ముందు తెలుసుకోవాలి. మాటలు అయిపోతే పద్యం అయిపోయినట్టు కాదు. చివరి పాదం పట్టుకుని నటుడు రాగం తీస్తాడు. పైకి వెళ్తాడు, అక్కడ నిలబడతాడు, ఇక దిగుతాడు అనుకుంటే మళ్ళీ ఇంకో మెట్టు ఎక్కుతాడు. హార్మోనిస్టు తల పక్కకి వంచి అతని నోటి వంక చూస్తూ వేళ్ళు కదుపుతుంటాడు. అతను ఊపిరి వదిలి, హార్మోనియం ముక్తాయింపు ఇచ్చి ఆగినప్పుడు, అప్పుడు చప్పట్లు. చప్పట్లు తగ్గేలోపు వన్స్‌మోర్. రాగం మధ్యలో ఈలలు వేస్తే ఆ మెట్టు ఎక్కకుండానే దిగిపోతాడు. నష్టం మీకే.

రెండో సంగతి, ఎవర్ని అడుగుతున్నారో చూసుకోండి. 'కురుక్షేత్రం'లో సీనుకో కృష్ణుడు ఉంటాడు కదా. పడకసీనులో నిద్ర నటించి లేచి దుర్యోధనుణ్ణి 'బావా ఎప్పుడు వచ్చితీవు' అని పలకరించే ఒకటో కృష్ణుడు వేరు, కౌరవసభలో 'జెండాపై కపిరాజు' అందుకునే కృష్ణుడు వేరు. మీ దోస్తులకి ఇది ముందే చెప్పండి. లేకపోతే మనిషి మారిపోయాడేంటని రాత్రంతా అడుగుతారు. ఈ నటుల్లో చాలామంది ముందు రాత్రి ఇంకో ఊళ్ళో పాడి, బస్సులో నిద్రపోయి, మీ ఊరికి వచ్చినవాళ్ళు. రేపు మళ్ళీ ఇంకో ఊరు. గొంతు బాగా పలుకుతున్నవాడిని అడిగితే సంతోషంగా, మొదటిసారికన్నా బాగా పాడతాడు. గొంతు జీరపోయినవాడిని అడిగితే కాదనలేడు, ఆ తర్వాత సీనంతా నీరసపడుతుంది. అతనికి చప్పట్లు చాలు.

ఒక్కచోట మాత్రం అసలు వద్దంటాను. కాటిసీనులో చంద్రమతి లోహితుడి శవంతో వచ్చాక. దానికి ముందు, హరిశ్చంద్రుడు ఒక్కడే శ్మశానంలో నిలబడి జాషువాగారి పద్యాలు పాడతాడే, అక్కడ అడగండి, పదిసార్లడగండి. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి నాటకంలోకి నటులు తెచ్చి కలుపుకున్న పద్యాలవి. మన జనానికి అవి లేకపోతే కాటిసీను కాటిసీనే కాదు. హరిశ్చంద్రుడి వేషానికి పేరుపడ్డ డి.వి. సుబ్బారావుగారి నోట వాటిని విన్నవాళ్ళు మీ ఊళ్ళో ఉండే ఉంటారు. ఒకాయన్ని పట్టుకుని మీ దోస్తుల మధ్యలో కూర్చోబెట్టుకోండి. ఆయన నటుడికన్నా అరక్షణం ముందు ప్రతి మాటా గొణుగుతూ ఉంటాడు. మొదట చిరాకేస్తుంది. అర్ధరాత్రి దాటాక ఆయన లేకపోతే ఏమీ తోచదు.

చదివింపులకి లెక్కంటూ ఏమీ లేదు. మీ ఎనిమిది మందీ కలిసి ఇవ్వండి, ఒక్కొక్కరే స్టేజీ ఎక్కొద్దు. సీను అయ్యాక ఇవ్వండి. పద్యం ఎత్తుకోబోతున్నవాడిని ఆపి, మైకులో 'ఫలానా వారి అబ్బాయి, బెంగళూరు, అయిదువందల రూపాయలు' అని చదివిస్తారు చూడండి, నాకు ఒళ్ళు మండుతుంది. కమిటీవాళ్ళకి చెప్పి సీను చివర్లో చదివించండి. ఇంకొకటి, అందరూ కృష్ణుడికీ హరిశ్చంద్రుడికీ ఇస్తారు. రాత్రి పది నుంచి తెల్లారేదాకా లేవకుండా వాయించేది హార్మోనిస్టు. సగం ఆయన చేతిలో పెట్టండి.

దుప్పట్లు తెచ్చుకోమనండి. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు గానీ, తెల్లవారుజామున అది మీ చేలగట్ల మీదే తిరుగుతుంటుంది.

*

ప్రశ్న: ఆంటీ, మా గుంపులో ఒకడు నాటకం మొత్తం ఫోన్‌లో వీడియో తీస్తాడు. చెప్తే 'మెమరీ' అంటాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వెనక వరసలో కూర్చోబెట్టండి. వాడి మెమరీ కోసం వెనకున్న పదిమందీ ఆ చిన్న తెరలో నాటకం చూడక్కర్లేదు. నటీనటుల్ని అడగకుండా తీసి పెట్టడం కూడా మర్యాద కాదు. ఆఖర్న అందరూ వరసగా నిలబడి నమస్కారం పెడతారు, అప్పుడు తీసుకోమనండి.

*

ప్రశ్న: నమస్తే అండీ. మా అపార్ట్‌మెంట్‌లో ఆరుగురం ఆడవాళ్ళం కలిసి తుమ్మలపల్లి కళాక్షేత్రంలో నాటిక పోటీలు చూడాలనుకుంటున్నాం. ఇళ్ళల్లో 'రాత్రి పదింటికి ఎలా వస్తారు, వంట సంగతేంటి' అంటున్నారు. పోటీలంటే సాగదీస్తారా? పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: వంట సంగతి అడిగినవాళ్ళకి పెరుగు ఫ్రిజ్‌లో ఏ అరలో ఉందో చెప్పండి. అక్కణ్ణుంచి వాళ్ళే చూసుకుంటారు.

నాటక పరిషత్తులు పెట్టే పోటీల్లో నాటిక ఇంచుమించు గంట. టైమ్ దాటితే పోటీలో దెబ్బ, కాబట్టి సాగదీసేవాళ్ళు తక్కువ. ఒక సాయంత్రానికి రెండు మూడు వేస్తారు. మొదటి రెండూ చూసి వచ్చేస్తే తొమ్మిదిన్నరకి ఇంట్లో ఉంటారు. మూడో గంట కొట్టాక లైట్లు ఆర్పేస్తారు, ఆ లోపే సీట్లలో ఉండండి. చీకట్లో 'వదినా ఇటు, వదినా ఇటు' అంటూ చేతులూపుకుంటూ రావడం పద్యనాటకంలో చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. వన్స్‌మోర్ కూడా ఇక్కడ ఉండదు. మధ్య వరసల్లో చిన్న లైటు ముందు పెట్టుకుని ముగ్గురు కూర్చుని రాసుకుంటుంటారు. వాళ్ళు న్యాయనిర్ణేతలు. వాళ్ళ వెనక వరస ఖాళీగా ఉంటే వదలకండి. వాళ్ళ పెన్ను ఎప్పుడు కదిలిందో చూస్తూ మీ మార్కులు మీరు వేసుకోవచ్చు.

మా గుంపు చేసేది అదే. నలుగురం, అందరం రిటైర్ అయినవాళ్ళమే. తెనాలి రామకృష్ణ కవి కళాక్షేత్రంలో ఉంటే నడిచి, గుంటూరులో ఉంటే రైల్లో. ఒకావిడ పులిహోర, ఒకావిడ ఫ్లాస్కులో టీ. ఒకావిడ ఏమీ తేదు, కానీ ఆవిడ పాతికేళ్ళ కిందట ఏ నాటికకి ఎవరికి బహుమతి రావాలో, ఎవరికి వచ్చిందో చెప్తుంది. నేను సీట్లు పట్టి ఉంచుతాను. ప్రతి నాటిక అయ్యాకా టికెట్ వెనకో కార్డు వెనకో మార్కులు రాసుకుంటాం, చూపించుకోం. ఆఖరి రోజు ఫలితాలు చెప్పినప్పుడు పోల్చుకుంటాం. ఉత్తమ నటి దగ్గర ఎప్పుడూ న్యాయనిర్ణేతలతో పేచీయే.

పిల్లల సంగతి నాటికని బట్టి. వృద్ధాశ్రమం, అప్పుల రైతు, విడాకులు, ఈ మూడూ మన నాటికల్లో తరచుగా ఉంటాయి. బాగా రాసినవీ ఉన్నాయి, ఏడిపించడానికే రాసినవీ ఉన్నాయి. పదేళ్ళు దాటిన పిల్లలైతే తీసుకెళ్ళండి. అంతకన్నా చిన్నవాళ్ళకి సురభే మంచిది.

*

ప్రశ్న: నాటకం అయ్యాక లోపలికి వెళ్ళి నటుల్ని కలవాలనుంటుంది. మా ఫ్రెండ్స్ సిగ్గుపడి లాక్కొచ్చేస్తారు. వెళ్తే ఏమనుకుంటారో? ఏం మాట్లాడాలి?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: ఏమీ అనుకోరమ్మా, ఎదురుచూస్తారు. తెర పడగానే మాత్రం దూరిపోవద్దు. స్పిరిట్ గమ్‌తో అంటించిన మీసం పీకుతుంటే పై పెదవి మండిపోతుంది, ఆ సమయంలో ఎవరికీ నవ్వు రాదు. కొబ్బరినూనె రాసుకుని, పాత పంచె ముక్కతో రంగు తుడుచుకుని, మంచినీళ్ళు తాగేదాకా పది నిమిషాలు బయట ఆగండి.

'చాలా బాగా చేశారండీ' అని ఊరుకోవద్దు. ఆ మాట వాళ్ళు రోజూ వింటారు, సన్మానాల్లో అసలు నాటకం చూడనివాళ్ళు కూడా అంటారు. మీరు చూసినది చెప్పండి. 'ఆ ఉత్తరం చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నారు చూడండి, అక్కడ నాకు ఏడుపొచ్చింది' అంటే చాలు. అది దర్శకుడు చెప్పిందో, తను రిహార్సల్‌లో కనిపెట్టిందో చెప్పడం మొదలుపెడతారు. మీ ఫ్రెండ్స్ సిగ్గు అక్కడితో పోతుంది. చిన్న వేషం వేసినవాళ్ళని మర్చిపోకండి. జవాను వేసినతను, పక్కింటావిడ వేసినావిడ గోడవార నిలబడి ఉంటారు. పగలు వాళ్ళు గుమాస్తాలో, కండక్టర్లో, టీచర్లో. లీవు పెట్టి వచ్చి ఉంటారు. బాగా చేసి ఉంటే ఆ సంగతి వాళ్ళకీ చెప్పండి.

బాగోకపోతే? గ్రీన్‌రూమ్‌లో చెప్పొద్దు. కాకినాడలో కాజా తింటూ చెప్పుకోండి.

*

ప్రశ్న: మేడమ్ గారూ, మా బావగారికి నాటకాలంటే పిచ్చి అంటారు గానీ, పావుగంటలో నిద్రపోతారు. పైగా గురక. అయినా ప్రతిసారీ నేనూ వస్తానంటారు. తీసుకెళ్ళాలా, వద్దా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: తీసుకెళ్ళండి పాపం. టికెట్ ఆయన చేతే కొనిపించండి. చివరి సీటు ఇవ్వండి, నడిచే దారి పక్కన. యుద్ధం సీనుకి లేపండి, లేపకపోతే ఇంటికెళ్ళాక అలుగుతారు. గురక మొదలైతే మోచేత్తో ఒక్కటివ్వండి. హార్మోనియం శ్రుతిలో పెడుతుంటే మాత్రం వదిలెయ్యండి.